పెన్‌డ్రైవ్‌లో లినక్స్: పాత ల్యాప్‌టాప్‌లో ఏదీ చెరపకుండా వాడి చూడటం

నెల కిందట పాతపట్నం నుంచి మా మేనల్లుడు భుజాన ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని పర్లాకిమిడి వచ్చాడు. రెండూ మహేంద్రతనయ పక్కన ఆనుకుని ఉన్న ఊళ్ళే. ఇది ఒడిశా, అది ఆంధ్ర అన్న సంగతి బోర్డుల మీద అక్షరాలు చూస్తేనే గుర్తొస్తుంది. మంచినీళ్ళయినా తాగకుండా మొదలెట్టాడు: "మావయ్యా, ఇది కొత్త విండోస్ ఎక్కించుకోదట. పాతదానికి ఇంక అప్‌డేట్లు రావట. పారేయమంటావేటి?"

పారేయక్కర్లేదు. వాడిది ఇంటెల్ ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, లోపల తిరిగే హార్డ్‌డిస్క్. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం గానీ ఆ తర్వాతది గానీ అయ్యుండాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంట్లో వాడుకునేవాళ్ళు నమోదు చేసుకుంటే భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. అంతే. మిషన్‌లో చెడిందేమీ లేదు, దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్‌కి వయసైపోయింది.

అలాంటి ల్యాప్‌టాప్ మీ ఇంట్లో కూడా ఉంటే ఇది మీకోసమే. ముందే ఒక మాట. విండోస్ బదులు ల్యాప్‌టాప్‌ని నడపగల లినక్స్ గురించి రాసేవాళ్ళలో చాలామంది ఇన్‌స్టాల్ చెయ్యడం దగ్గర మొదలెడతారు, నేను దాన్ని చివరికి నెట్టాను. ముందు ఒక వారం పెన్‌డ్రైవ్ మీదే నడపండి. మీ ఉత్తరం, మీ ప్రింటర్, మీ బ్యాంకు పని, మీ తెలుగు, మీ ఒడియా అన్నీ అందులో సాగితే అప్పుడు డిస్క్ జోలికి వెళ్దాం. సాగకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే సరి, విండోస్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

ఏ లినక్స్?

లినక్స్ అన్న పేరుతో ఒకే సరుకు దొరకదు. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ రాసింది కెర్నల్, అంటే అడుగున ఉండే ఇంజను. దానికంటే ముందే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లు దానికి తోడయ్యాయి. ఈ రెంటి మీద డెస్క్‌టాప్, బ్రౌజర్, ఆఫీస్ సాఫ్ట్‌వేర్ అన్నీ పేర్చి ఒక మూటగా ఇచ్చేవాటిని డిస్ట్రో అంటారు. డెబియన్, ఉబుంటు, ఫెడోరా, మింట్ అన్నీ అలాంటి మూటలే. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ కూడా ఒకటుంది.

లినక్స్‌ని ఉచితం అంటారు గానీ ఆ మాట సగమే చెబుతుంది. ఇంగ్లీషులో డబ్బు తీసుకోకపోయినా, కట్టు లేకపోయినా ఒకటే మాట, ఫ్రీ. మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. లినక్స్‌లో అసలు సంగతి రెండోది: లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, మార్చినదాన్ని పంచొచ్చు. తెలుగువాళ్ళలో ఈ ఉద్యమాన్ని నడిపిన సంస్థ తన పేరే స్వేచ్ఛ అని పెట్టుకుంది.

మొదటిసారి చూసేవాళ్ళకి నేను చెప్పేది లినక్స్ మింట్. కింద వరుసగా బొత్తాలు, మూలన మెనూ, అంతా విండోస్ అలవాటున్న చేతికి ఇట్టే పట్టుబడుతుంది. అందులో మళ్ళీ సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు రూపాలు. 8 జీబీ ర్యామ్ ఉంటే సినమన్ తీసుకోండి. 4 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ, అందంలో ఒక మెట్టు తక్కువైనా మెమరీ తక్కువ తింటుంది. 2 జీబీతో కూడా మింట్ లేస్తుంది గానీ, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచేసరికి ఆయాసపడుతుంది. ప్రాసెసర్ 64 బిట్‌ది అయ్యుండాలి. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌కి వెళ్తే ఈ రెండు వివరాలూ కనిపిస్తాయి. పాత 32 బిట్ మిషన్ మీద ఇప్పటి మింట్ ఎక్కదు.

మింట్ 22 వరుసకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. 22.1, 22.2 అని వచ్చేవన్నీ ఆ వరుసలోవే. దింపుకునే రోజుకి ఏది కొత్తదైతే అది తీసుకోండి.

దింపుకోవడం

మింట్ సొంత వెబ్‌సైట్ నుంచే దింపండి. ఎవరో టెలిగ్రామ్ గుంపులో పెట్టిన ఫైల్ వద్దు. ఐఎస్ఓ అనే ఒకే ఫైల్, దాదాపు 3 జీబీ ఉంటుంది.

ఇంట్లో ఫైబర్ ఉంటే ఇదేం సమస్య కాదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవాళ్ళకి రోజుకి ఒకటిన్నరో రెండో జీబీ కోటా, అదీ కాశీనగర్ దాటి లోపలికి వెళ్తే సిగ్నల్ దోబూచులాడుతుంది. బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ సగంలో తెగితే మళ్ళీ మొదటికొచ్చే ప్రమాదం ఉంది. అందుకే డౌన్‌లోడ్ పేజీలో ఉండే టొరెంట్ లింకు వాడండి. టొరెంట్ అంటే దొంగ సినిమాలే అనుకోకండి, అది ఫైల్‌ని ముక్కలు ముక్కలుగా తెచ్చుకునే పద్ధతి మాత్రమే. ఈరోజు సగం, రేపు సగం దింపుకోవచ్చు, ఆగిన చోటు నుంచే అందుకుంటుంది. టొరెంట్ కాకుండా నేరుగా దింపేవాళ్ళు అదే పేజీలో దేశాల వారీగా ఉండే మిర్రర్ల (అదే ఫైల్ నకలు ఉంచిన సర్వర్ల) జాబితాలో ఇండియా కింద ఉన్నది ఎంచుకుంటే వేగం బాగుంటుంది.

దిగిన ఫైల్ సరిగ్గా ఉందో లేదో చూడటం చాలామంది ఎగ్గొట్టే మెట్టు. ఎగ్గొట్టకండి. విండోస్‌లో 7-జిప్ ఉంటే ఐఎస్ఓ మీద కుడి క్లిక్ చేసి, సీఆర్‌సీ షా అన్నచోట షా-256 నొక్కితే ఒక పొడుగాటి అక్షరాల గొలుసు వస్తుంది. మింట్ సైట్‌లో ఇచ్చిన గొలుసుతో పోల్చండి. మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు చూస్తే పాడైన డౌన్‌లోడ్‌ని పట్టుకోవడానికి చాలు. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైల్ దెబ్బతిన్నట్టే, మళ్ళీ దింపండి. పాడైన ఫైల్‌తో ముందుకెళ్తే మధ్యలో ఎక్కడో తెర బిగుసుకుపోతుంది, తప్పు ల్యాప్‌టాప్‌దని మీరు తిట్టుకుంటూ కూర్చుంటారు.

పెన్‌డ్రైవ్ మీద రాయడం

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ఐఎస్ఓని అందులోకి మామూలుగా కాపీ చేస్తే పని చెయ్యదు, దాన్ని రాయడానికి వేరే సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్‌లో రూఫస్ చిన్నది, ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. తెరిచి, డివైస్ అన్నచోట పెన్‌డ్రైవ్, కింద ఐఎస్ఓ ఎంచుకోండి. పార్టిషన్ స్కీమ్ గత పదేళ్ళలో కొన్న మిషన్లకి జీపీటీ పెట్టండి. స్టార్ట్ నొక్కాక ఏ పద్ధతిలో రాయాలని అడిగితే, అది సిఫారసు చేసిందే ఒప్పుకోండి.

ఈ పని పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది. ఆ హెచ్చరిక తెర మీద వస్తుంది, నేనూ చదివాను, చదివి ఓకే నొక్కాను. ఆ రోజు మిషన్‌కి రెండు పెన్‌డ్రైవ్‌లు గుచ్చి ఉన్నాయి. రెండోదాంట్లో మా చెల్లెలి గృహప్రవేశం ఫోటోలు. ఆ మాట ఇప్పటికీ పండక్కి పండక్కీ వింటున్నాను. కాబట్టి రాసేటప్పుడు ఒక్క పెన్‌డ్రైవే గుచ్చండి, బయటి హార్డ్‌డిస్క్ ఉంటే పీకి పక్కన పెట్టండి.

రెండు మూడు డిస్ట్రోలు చూడాలనుకునేవాళ్ళకి వెంటాయ్ అని ఇంకో పనిముట్టుంది. దాన్ని ఒకసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే, తర్వాత ఐఎస్ఓ ఫైళ్ళని మామూలుగా కాపీ చేసుకోవచ్చు. బూట్ అయ్యేటప్పుడు, అంటే ల్యాప్‌టాప్ లేచేటప్పుడు, ఏది కావాలో జాబితా చూపిస్తుంది.

పెన్‌డ్రైవ్ నుంచి లేపడం

కొత్తవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. పవర్ నొక్కగానే ఎఫ్ 12 కొట్టాలా, ఎఫ్ 9 కొట్టాలా, ఎస్కేప్ కొట్టాలా అన్నది కంపెనీకొక రకం: డెల్, లెనొవోల్లో సాధారణంగా ఎఫ్ 12, హెచ్‌పీలో ఎఫ్ 9, ఏసూస్ ల్యాప్‌టాపుల్లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్ 12 పని చెయ్యాలంటే ముందు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) వెళ్ళి దాన్ని ఆన్ చెయ్యాల్సి రావచ్చు. ఈ గోలంతా లేకుండా ఒక దారుంది. విండోస్ నడుస్తుండగా షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ క్లిక్ చెయ్యండి. నీలం తెర వస్తుంది. అందులో యూజ్ ఎ డివైస్ అన్నది నొక్కి పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోండి. ఆ వరుస కనిపించకపోతేనే ఎఫ్ కీల జోలికి వెళ్ళండి.

ఇంతకు ముందే ఒకటి చూసుకోవాలి. కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ మనకి చెప్పకుండానే ఆన్ అయి ఉండొచ్చు. అలాంటప్పుడు బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే కాపలా) లాంటివి మారిస్తే, తిరిగి విండోస్ తెరిచేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది. ముందే తెరిచి, కాగితం మీద రాసిపెట్టుకోండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా మింట్ మామూలుగా లేస్తుంది, కాబట్టి దాన్ని ముట్టుకోవలసిన అవసరం చాలామందికి రాదు.

నల్లటి మెనూ వస్తే సగం దారి దాటినట్టే. మొదటి వరుసే స్టార్ట్ లినక్స్ మింట్. తెర నల్లగా ఉండిపోతే మళ్ళీ మొదలెట్టి, కంపాటిబిలిటీ మోడ్ అన్న రెండో వరుసతో ప్రయత్నించండి. గ్రాఫిక్స్ కార్డుతో పేచీ వచ్చినప్పుడు ఇది పనికొస్తుంది.

పాత యూఎస్‌బీ మీద డెస్క్‌టాప్ రావడానికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు. మా వాడు ఆ రెండు నిమిషాల్లోనే "మొత్తం పోయిందేటి?" అని మూడుసార్లు అడిగాడు. ఏదీ పోలేదు. లైవ్ సెషన్ అంటే అంతా పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌లోకి వచ్చి నడవడం. డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ లినక్స్ మింట్ అన్న బొమ్మని మీరు నొక్కి, తర్వాత వచ్చే ప్రశ్నలకి అవునంటేనే డిస్క్ మీద మార్పు జరుగుతుంది. దానికి ఇంకొక వైపు కూడా ఉంది: ఆపేస్తే ఈ సెషన్‌లో మీరు చేసినవి పోతాయి. రాసుకున్న ఉత్తరాన్ని వేరే పెన్‌డ్రైవ్‌లోకో, మెయిల్‌లోకో పంపుకోండి.

వారం రోజుల పరీక్ష

అందరికీ ఒకే పరీక్ష పనికిరాదు. మా వాడి కోసం ఒక కాగితం మీద రాసిచ్చాను, మీరు మీ పనులతో మీ కాగితం రాసుకోండి. ముందు వైఫై. కుడి మూలన బొమ్మ నొక్కితే మీ ఇంటి వైఫై పేరు కనబడాలి. కనబడలేదంటే బ్రాడ్‌కామ్ లాంటి చిప్ అయ్యుండొచ్చు, దానికి డ్రైవర్, అంటే ఆ చిప్‌ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్, విడిగా కావాలి. కంగారు లేదు, ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే వెంటనే నెట్ వస్తుంది, డ్రైవర్ దాంతో దింపుకోవచ్చు. తర్వాత సౌండ్, కెమెరా, వెలుతురు తగ్గించే కీలు, టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్ళ జారుడు. మూత మూసి అయిదు నిమిషాలాగి తెరవండి. చాలా పాత మిషన్లు ఇక్కడ తడబడతాయి.

ప్రింటర్ తగిలించి ఒక పేజీ తియ్యండి. హెచ్‌పీవి సాధారణంగా తగిలించగానే పని చేస్తాయి. జిరాక్స్ షాపుల్లో పాతుకుపోయిన పాత కేనన్ చిన్న లేజర్లు కొన్ని క్యాప్ట్ అనే సొంత భాషలో మాట్లాడతాయి, లినక్స్‌తో వాటిని కుదర్చడం కష్టం. మీ బతుకు ఆ ప్రింటర్ మీదే నడుస్తుంటే ఆ ఒక్క కారణం చాలు, ఆగిపోవచ్చు.

బ్యాంకు సైటు, డిజీలాకర్, రైలు టికెట్లు, యూట్యూబ్ ఇవన్నీ బ్రౌజర్ పనులు. ఫైర్‌ఫాక్స్ మింట్‌తోనే వస్తుంది, వాటికి ఇబ్బంది ఉండదు. ఆఫీసు పనికి లిబ్రెఆఫీస్ ఉంది. వర్డ్ ఫైల్ తెరిచి చూడండి, కానీ అక్షరాలు కొంచెం జరగొచ్చు. విండోస్‌లో తెలుగుకి వాడే గౌతమి, నిర్మలా యూఐ ఫాంట్లు ఇందులో ఉండవు, వాటి బదులు నోటోనో లోహిత్‌నో పెడుతుంది. నాలుగు పేజీల అర్జీ అయిదో పేజీకి జారుతుంది. బయటికి పంపేదేదైనా పీడీఎఫ్ చేసి పంపండి.

తెలుగు, ఒడియా, సవర

మన సరిహద్దు ఊళ్ళవాళ్ళకి ఇది అన్నిటికంటే ముఖ్యం, అందుకే కాస్త నిలబడతాను. పర్లాకిమిడిలో గానీ బరంపురంలో గానీ రాయగడలో గానీ ఒకే మనిషి పొద్దున తహసీల్ ఆఫీసుకి ఒడియాలో అర్జీ పెట్టి, సాయంత్రం శుభలేఖ తెలుగులో రాయాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైన నాటి నుంచీ మా ఇళ్ళలో ఇదే తంతు.

కీబోర్డ్ సెట్టింగ్స్ తెరిచి, లేఅవుట్స్ అన్న ట్యాబ్‌కి వెళ్ళి, కూడిక గుర్తు నొక్కండి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో అయితే ముందు సిస్టమ్ డిఫాల్ట్స్ అన్నదాని టిక్కు తీసెయ్యాలి. జాబితాలో తెలుగు మూడు రకాలుగా కనిపిస్తుంది: ఉత్త తెలుగు, కగప, సరళ. ఒడియా కూడా అక్కడే ఉంటుంది, ఒక్కోచోట ఒరియా అన్న పాత పేరుతో. ఇవన్నీ మూటలోనే వస్తాయి, డౌన్‌లోడ్ అక్కర్లేదు, లైవ్ సెషన్‌లోనే పని చేస్తాయి. ఇంగ్లీషు, తెలుగు, ఒడియా మూడూ చేర్చుకుని, ఆల్ట్ షిఫ్ట్ లాంటి ఒక జత కీలని మార్పిడికి పెట్టుకోండి. మెనూ పక్కన ఏ భాషలో ఉన్నామో చిన్న గుర్తు కనిపిస్తుంది.

ఉత్త తెలుగు అన్నది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. మొదట్లో బుర్ర తింటుంది, ఒప్పుకుంటాను. కానీ మన రెండు భాషల వాళ్ళకి అందులో ఒక లాభం ఉంది: భారతీయ భాషలన్నిటికీ అక్షరాల చోటు ఒకటే. ఎడమ చేతి కింద అచ్చులు, గుణింతాలు, కుడి చేతి కింద హల్లులు. కె కీలో క, ఎల్‌లో త, హెచ్‌లో ప, జెలో ర. తెలుగులో ఎక్కడుందో ఒడియాలోనూ అక్కడే. డి కీ పొల్లు, షిఫ్ట్‌తో డి నొక్కితే అ. అంటే 'అక్క' కావాలంటే షిఫ్ట్ డి, కె, డి, కె. వత్తు కోసం వేరే కీ వెతకనవసరం లేదు, మధ్యలో పొల్లు పడితే కింద వత్తు దానంతట అదే దిగుతుంది. అవే కీలు ఒడియా లేఅవుట్‌లో కొట్టండి, ఒడియా క కింద ఒడియా వత్తు వస్తుంది. హ్రస్వ ఎ, ఒ ఒడియాకి లేవు కాబట్టి ఆ రెండూ తెలుగుకే పనికొస్తాయి. ఒక భాషకి వేళ్ళు అలవాటైతే రెండోది దాదాపు ఉచితంగా వచ్చినట్టే. ఒడియా చదవడమే తప్ప రాయడం సరిగ్గా రాని నాకు ఇదే నేర్పింది.

ఫోన్‌లో లాగా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం అలవాటైనవాళ్ళకి ఐబస్ అనే పనిముట్టూ, దానికి ఎం17ఎన్ అనే తోడూ కావాలి. ఇన్‌పుట్ మెథడ్ అన్న సెట్టింగ్‌లో తెలుగు ఎంచుకుంటే ఏం చెయ్యాలో అదే చెబుతుంది. అందులో ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ అన్న పద్ధతులుంటాయి.

అను ఫాంట్లలో పేజ్‌మేకర్ మీద పనిచేసే డీటీపీవాళ్ళకి మాత్రం నిజం చెప్పాలి. ఆ సరంజామా అంతా విండోస్ కోసం కట్టింది, అన్ని భాషల అక్షరాలకీ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ కాదు. లినక్స్‌లో ఆ ఫైల్ తెరిస్తే తెలుగు బదులు పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ, రోజూ శుభలేఖలు వేసి పొట్ట పోసుకునేవాళ్ళు ఆ మిషన్‌ని కదపకండి.

ఇంకొకటి, గజపతి, రాయగడ జిల్లాల్లో ఉన్నాం కాబట్టి. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో మాస్టరుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి చదువు చెప్పడానికి తెలుగు లిపిలోనే వాచకాలు రాశారు. తర్వాత 1936లో మంగై గొమాంగో సవరకి సొంతంగా సోరా సొంపెంగ్ లిపి తయారుచేశారు. ఆ లిపి 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. నోటో ఫాంట్ల కుటుంబంలో దానికీ ఒక ఫాంట్ ఉంది, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో నోటో అని వెతికి వేసుకుంటే ఆ అక్షరాలు డబ్బాలుగా కాకుండా అక్షరాల్లాగే కనిపిస్తాయి. గుణుపురం వైపు టీచర్లెవరైనా ఉంటే ఇది పనికొస్తుంది.

వద్దనాల్సిన చోట

సేవా కేంద్రాల్లో వేలిముద్ర తీసుకునే పరికరాల సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్, ఆండ్రాయిడ్ కోసమే. ట్యాలీ విండోస్‌దే. డిజిటల్ సంతకం టోకెన్లలో కొన్నిటికి లినక్స్ డ్రైవర్లు ఉన్నా, సర్కారీ పోర్టల్‌తో కలిసి అవి నడుస్తాయో లేదో ముందే చూసుకోవాలి. ఇంటి నుంచి రాసే ఆన్‌లైన్ పరీక్షల నిఘా సాఫ్ట్‌వేర్ చాలావరకు లినక్స్‌ని ఒప్పుకోదు. ఇలాంటి పని ఒక్కటున్నా విండోస్ తీసెయ్యకండి. వైన్ అనే సాఫ్ట్‌వేర్‌తో కొన్ని విండోస్ ప్రోగ్రాములు లినక్స్‌లో నడుస్తాయి, కానీ పొట్టకూటి పనిని దాని మీద ఆనించకండి.

ఇన్‌స్టాల్ చేస్తానంటే

వారం గడిచింది, కాగితం మీద అన్నీ టిక్కులే పడ్డాయనుకుందాం. ముందు బ్యాకప్. డాక్యుమెంట్స్ ఒక్కటే కాదు, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్లు కూడా. మా వాడి డిగ్రీ సర్టిఫికెట్ల స్కాన్లన్నీ డౌన్‌లోడ్స్‌లోనే ఉన్నాయి.

విండోస్‌ని ఉంచుకుంటూ పక్కన మింట్ వేసుకోవడమే మొదటిసారికి మేలు. అందుకు విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సీ డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ నొక్కి, 60 జీబీ ఖాళీ చెయ్యండి. 20 జీబీతోనూ సరిపెట్టొచ్చు గానీ ఆర్నెల్లకే ఇరుకైపోతుంది. తీసిన చోటుని ఏ డ్రైవ్‌గానూ మార్చకుండా అలాగే వదలండి. విండోస్ పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసెయ్యండి. అది ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉండి తన డ్రైవ్‌లో లినక్స్‌ని రాయనివ్వదు.

ఛార్జర్ గుచ్చి, కరెంటు ఉన్న పూట మొదలెట్టండి. అక్టోబర్ తుపాను వారంలో వద్దు. 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఈ వైపు ఏం జరిగిందో ఎవరికీ చెప్పక్కర్లేదు. బ్యాటరీ చచ్చిపోయిన పాత ల్యాప్‌టాప్‌కి డిస్క్‌ని భాగాలుగా విడగొట్టే పని (పార్టిషన్) మధ్యలో కరెంటు పోతే డిస్క్ పాడవుతుంది.

లైవ్ సెషన్‌లో ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కితే ముందు భాష అడుగుతుంది. తెలుగూ పెట్టుకోవచ్చు, కానీ మొదటిసారికి ఇంగ్లీషే ఉంచమంటాను. ఏదైనా తేడా వస్తే తెర మీద పడిన ఆ వాక్యాన్నే వెతుక్కోవాలి కదా. తర్వాత కీబోర్డ్, మల్టీమీడియా కోడెక్స్ అన్న టిక్కు పెట్టండి, పాటలకి, వీడియోలకి అది కావాలి. ఆ తర్వాత వచ్చే తెర దగ్గర చెయ్యి ఆపండి. ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్ విండోస్ అంటే రెండూ ఉంటాయి. ఎరేజ్ డిస్క్ అంటే విండోస్, మీ ఫైళ్ళు, రికవరీ అన్నీ పోతాయి. మొదటి వరుస అసలు కనిపించకపోతే రెండోదాన్ని నొక్కెయ్యకండి, బయటికి రండి. సాధారణంగా బిట్‌లాకర్ ఆన్‌లో ఉండటమో, బయోస్‌లో డిస్క్ ఆర్‌ఎస్‌టీ అనే ఇంటెల్ పద్ధతిలో ఉండటమో కారణం. వీటిలో రెండోది మార్చేముందు తెలిసినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి, ఊరికే మారిస్తే విండోస్ లేవకపోవచ్చు.

టైమ్ జోన్‌కి మ్యాపులో కోల్‌కతా. పేరు, పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డ్ మర్చిపోకండి, సాఫ్ట్‌వేర్ ఎక్కించే ప్రతిసారీ అదే అడుగుతుంది. హార్డ్‌డిస్క్ మీద అరగంట పట్టొచ్చు.

తర్వాతి రోజు

టైమ్‌షిఫ్ట్ తెరిచి సిస్టమ్ స్నాప్‌షాట్ ఒకటి తీయండి. రేపు ఏదైనా అప్‌డేట్ తేడా చేస్తే ఈ రోజుకి వెనక్కి వెళ్ళొచ్చు. అది మీ ఫోటోలని దాచదు, సిస్టమ్‌ని మాత్రమే. ఆ తర్వాత అప్‌డేట్ మేనేజర్. మొదటిసారి వందల ఎంబీలు లాగుతుంది, హాట్‌స్పాట్ మీద ఉంటే కోటా చూసుకుని నొక్కండి. డ్రైవర్ మేనేజర్ ఒకసారి తెరవండి, వైఫైకో గ్రాఫిక్స్‌కో ఏమైనా కావాలంటే చెబుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ కావాలంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే వెతకండి. ఒకే ప్రోగ్రాం ఫ్లాట్‌ప్యాక్‌గానూ, సిస్టమ్ ప్యాకేజీగానూ కనిపిస్తే, డేటా తక్కువున్నవాళ్ళు రెండోది తీసుకోండి. ఫ్లాట్‌ప్యాక్ బరువు ఎక్కువ.

మా వాడు మూడో రోజు ఫోన్ చేశాడు: "మావయ్యా, విండోస్‌లోకెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కెళ్ళిపోతంది." బ్యాటరీ అయిపోయిందని షాపువాడు చెప్పాడట. బ్యాటరీ కాదు. మదర్‌బోర్డు గడియారాన్ని లినక్స్ ప్రపంచ సమయంలో పెడుతుంది, విండోస్ దాన్ని ఇక్కడి సమయమే అనుకుంటుంది. మన తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. విండోస్‌లో డేట్ అండ్ టైమ్‌కి వెళ్ళి సింక్ నౌ నొక్కితే ఆ పూటకి సరిపోతుంది. శాశ్వతంగా పోవాలంటే లినక్స్ వైపు టైమ్‌డేట్‌సీటీఎల్ అనే ఆజ్ఞతో లోకల్ ఆర్‌టీసీని (మదర్‌బోర్డు గడియారాన్ని ఇక్కడి సమయంలోనే ఉంచే సెట్టింగ్) ఆన్ చెయ్యాలి, ఒక్కసారి చేస్తే చాలు.

వెనక్కి రావాలంటే

నచ్చలేదు, తీసెయ్యాలి అనుకుంటే నేరుగా పార్టిషన్ చెరిపెయ్యకండి. అలా చేస్తే కొన్ని మిషన్లలో ఆన్ చెయ్యగానే నల్ల తెర మీద గ్రబ్ (లినక్స్‌ని లేపే ప్రోగ్రాం పేరు) అన్న మాట ఒక్కటే మిగులుతుంది. ముందు బయోస్‌లోకి వెళ్ళి బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చి, విండోస్ తనంతట తాను లేస్తోందని రెండుసార్లు చూసుకోండి. అప్పుడు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్ తీసేసి, ఆ చోటు సీ డ్రైవ్‌లో కలిపేసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ విండోస్‌లో చిన్న సైజు చూపిస్తే రూఫస్‌లోనే నాన్ బూటబుల్ ఎంచుకుని ఫార్మాట్ చెయ్యండి, 8 జీబీ తిరిగి వచ్చేస్తుంది. అప్పుడు కూడా ఒక్క పెన్‌డ్రైవే గుచ్చి ఉందో లేదో చూసుకోండి.